పాత పార్టు నా చేతికివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో చిత్తూరు నుంచి ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. ఇంట్లో కంప్యూటర్ ఒక పొద్దున ఆన్ కాలేదంట, రిపేరు షాపుకి తీసుకుపోతే అయిదు నిమిషాల్లో మదర్‌బోర్డు, అంటే లోపల పార్టులన్నీ తగిలించే పెద్ద పలక, పోయిందని తేల్చారంట, ఇంత పాతదానికి బోర్డు దొరకదు కొత్తది కొనుక్కోండి అన్నారంట, సరే పీడ పోయిందనుకుని ఆయన ఆ పెట్టెను పాత సామాన్ల అంగడిలో నాలుగొందల యాభైకి వేసేసి వచ్చారంట. ఆయన బాధంతా కొత్తదానికి అయిన ఖర్చు గురించి. నాకు మాత్రం ఆ నాలుగొందల యాభై దగ్గరే కాఫీ గొంతులో అడ్డం పడింది. పెట్టెతో పాటు హార్డ్ డిస్కు కూడా వేసేశారే! పిల్లల ఫోటోలు, ఆధార్ స్కాన్ కాపీలు, పొలం కాగితాలు, పాస్‌బుక్కు మొదటి పేజీ, అన్నీ మనం దాంట్లోనే పెడతాం గదా. మదర్‌బోర్డు నిజంగానే పోయిందనుకుందాం, అంతమాత్రాన హార్డ్ డిస్కు పోయినట్టు కాదు. నాలుగు స్క్రూలు విప్పితే అది చేతికొస్తుంది. ఆ ముక్క షాపువాళ్ళు చెప్పలేదు, ఆయనకు తెలియలేదు.

నాకూ మొన్న ఇట్లాంటిదే జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే మీరే కత్తెర వేసుకోండి.

నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్ళకు పైగా మెకానిక్ పని చేసి రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్ బస్సుల మీదే. కంప్యూటర్ గురించి నేను ఎక్కడా చదువుకోలేదు, నాకు తెలిసిందల్లా స్టార్ట్ కాని బండి గురించే. డిపోలో పొద్దున నాలుగింటికి బండి స్టార్ట్ కాకపోతే మేం చేసే మొదటి పని ఇంజను దించడం కాదు. డ్రైవర్‌ని ఒక్కటే అడుగుతాం: సెల్ఫ్ తిరుగుతోందా, అసలు తిరగడం లేదా? సెల్ఫే తిరగకపోతే గొడవ బ్యాటరీ వైపు. సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకోకపోతే డీజిల్ వైపు. ఇంజను అందుకుని బండి కదలకపోతే అది ఇంకో కథ. కంప్యూటర్‌కి కూడా సరిగ్గా ఇదే లెక్క అని నాకు ఈ వయసులో అర్థమైంది. బటన్ నొక్కితే లైటు కూడా రాకపోవడం వేరు, లోపల ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉండటం వేరు, విండోస్ బొమ్మ వచ్చి చుక్కలు గిరగిరా తిరుగుతూ అక్కడే ఆగిపోవడం వేరు. షాపులో మనం "ఆన్ కావడం లేదన్నా" అని ఒకే మాట చెప్తాం, వాళ్ళూ ఒకే మాట చెప్తారు.

మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి. కంప్యూటర్ 2014లో కొన్నది, మా అబ్బాయి చదువు కోసం. ఇప్పుడు వాడు బెంగుళూరులో ఉన్నాడు, మనవరాలు మా దగ్గర ఉండి ఇంటర్ చదువుతోంది, ఆ పిల్లే దాన్ని వాడుతుంది. ఒక సోమవారం రాత్రి ఉరుములు, మెరుపులు, పెద్ద వాన. కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మంగళవారం పొద్దున పిల్ల వచ్చి "తాతా, చచ్చిపోయింది" అంది. మా ఇంటామె ఉలిక్కిపడి ఎవరని అడిగింది.

బటన్ నొక్కితే ఏమీ లేదు. లైటు లేదు, ఫ్యాన్ లేదు. నేను గోడ దగ్గర ప్లగ్గు తీసి సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూశాను, కరెంటు ఉంది. కరెంటు ఎగుడుదిగుళ్ళను ఆపడానికి మధ్యలో పెట్టుకునే స్పైక్ బస్టర్ బోర్డును పక్కన పెట్టి నేరుగా గోడకు పెట్టాను, అయినా లేదు. పెట్టె వెనకాల వైరు దూర్చే చోట ఒక చిన్న స్విచ్చి ఉంటుంది, ఇల్లు తుడిచేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిపోయి, కంప్యూటర్ పోయిందని ఏడ్చిన ఇళ్ళు నాకు తెలుసు. మాది సరిగ్గానే ఉంది. ఇంతవరకు చూసి, ఇక్కడే తప్పు చేశాను. పెట్టె మూత విప్పకుండా మోపెడ్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, ఊళ్ళో ఉన్న ఒక షాపుకి తీసుకుపోయాను. వయసైపోయింది, మనకెందుకులే అనిపించింది.

షాపులో పిల్లోడు మంచివాడే, పెద్దాయనా అంటూ కూర్చోబెట్టాడు. వైరు పెట్టాడు, బటన్ నొక్కాడు, వైరు తీశాడు. "పెట్టిపోండి, చూసి చెప్తాం" అన్నాడు. గురువారం ఫోను చేసి "మదర్‌బోర్డు పోయిండాది పెద్దాయనా, దీనికి బోర్డు రాదు, బోర్డు మారిస్తే ప్రాసెసర్ మార్చాల, అది మారిస్తే ర్యామ్ మార్చాల, మొత్తం కలిపి ఇరవై నాలుగు వేలకు చేసిస్తాం" అన్నాడు. ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే చిప్పు, ర్యామ్ అంటే పని జరిగేటప్పుడు సమాచారం పెట్టుకునే కడ్డీ. పైగా విండోస్ 10 ఆగిపోయిండాది కాబట్టి ఈ పాతది ఎట్లైనా పనికిరాదు అని ఒక మాట కలిపాడు.

ఈ విండోస్ 10 సంగతి వేరే వాళ్ళకూ ఇట్లాగే చెప్తున్నారని విన్నాను కాబట్టి ఒక మాట. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు ఆపింది, నిజమే. అంటే భద్రత కోసం వచ్చే అప్‌డేట్లు మామూలుగా రావు, బ్యాంకు పనులు దాంట్లో చేసేవాళ్ళు ఆలోచించుకోవాల్సిందే. మాలాంటి పాత పెట్టెలు విండోస్ 11కి పనికిరావన్నదీ నిజమే, దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రత చిప్పు ఉండాలి, ఇంటెల్ వాటిల్లో ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతిది గానీ ప్రాసెసర్ ఉండాలి. కానీ సపోర్టు ఆగినందుకు ఫ్యాన్ తిరగకుండా పోదు! బండికి ఇన్సూరెన్సు అయిపోతే సెల్ఫ్ తిరగదా?

శుక్రవారం పోయి "బోర్డు ఎక్కడ పోయింది, చూపించు నాయనా" అన్నాను. అడిగింది గొడవకు కాదు, నిజంగా చూద్దామనే. పాత బోర్డుల్లో కెపాసిటర్లు, అంటే కరెంటు నిలవ ఉంచే చిన్న డబ్బాలు, ఉబ్బి, నెత్తి మీద బుడిపె లేచి, కొన్ని కారి ఉంటాయి, కంటికే కనబడతాయి. కాలిన చోట నల్లగా ఉంటుంది, వాసన వస్తుంది. పిల్లోడు బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు, "అది లోపల పోయింటుంది" అన్నాడు. నేను ఇంకేం మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని వచ్చేశాను. చూసినందుకు రెండొందలు తీసుకున్నాడు, బిల్లు లేదు.

ఇంటికొచ్చి వరండాలో మూత విప్పాను. ముందు దుమ్ము. దాని కింద, ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన, రెండు బల్లి గుడ్ల పెంకులు. మన కొండల్లో ఉండే బంగారు బల్లి అయితే సైన్సు వాళ్ళొచ్చి ఫోటో తీసుకునేవాళ్ళు, ఇది మామూలు గోడబల్లి లెండి. వెచ్చగా ఉంటుంది కదా, అందుకే దూరతాయి. అడ్డంగా పడితే బోర్డు మీద షార్ట్ కూడా అవుతుంది. పెయింటు బ్రష్షుతో, ఫ్యాన్ తిరగకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా దులిపాను. దీనికి ముందు ప్లగ్గు పూర్తిగా తీసేయాలి, చేతిని పెట్టె ఇనప రేకుకి ఒకసారి ఆనించి ఆ తర్వాతే లోపల పెట్టాలి, ఒంట్లో ఉండే చిన్న కరెంటు కూడా చిప్పులకు పడదు.

ఇప్పుడు అసలు సంగతి. పెట్టెలో ఒక మూలన ఇనప డబ్బా ఉంటుంది, దాన్ని ఎస్సెంపీఎస్ అంటారు. మన 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చేది అదే. పిడుగులకు, కరెంటు ఎగుడుదిగుళ్ళకు ముందు దెబ్బ తినేది కూడా ఎక్కువగా అదే. దాన్నుంచి వచ్చే పెద్ద ప్లగ్గులో 24 పిన్నులు ఉంటాయి, పాతవాటిల్లో 20. అందులో ఊదా రంగు వైరు ఒకటుంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, వెనక ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు దాంట్లో 5 వోల్టులు ఉండి తీరాలి. ఎందుకంటే మనం ముందు నొక్కే బటన్ కరెంటు ఇచ్చే స్విచ్చి కాదు, అది లేపడానికి తట్టే తలుపు లాంటిది, తట్టినప్పుడు వినడానికి లోపల ఒకరు మెలకువగా ఉండాలి, ఆ మెలకువే ఈ ఊదా వైరు. వోల్టులు కొలిచే నా మీటరు ఒక కొన నల్ల వైరుకి, ఒక కొన ఊదా వైరుకి పెట్టాను. సున్నా.

అంటే బోర్డు దాకా కరెంటే రాలేదు! తినడానికి పెట్టకుండా మనిషి చచ్చిపోయాడని తేల్చినట్టుంది.

మీటరు లేనివాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. ఆ పెద్ద ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి, పచ్చ వైరుని, పక్కనున్న నల్ల వైరుని ఒక పేపర్ క్లిప్పుతో కలిపి, తర్వాత కరెంటు ఇస్తే డబ్బా ఫ్యాన్ తిరగాలి. కొన్ని కంపెనీ పెట్టెలకు ప్లగ్గు వేరే రకంగా ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన డబ్బా బాగున్నట్టు కూడా కాదు. నీరసించిన బస్సు బ్యాటరీలు మీటరు పెడితే 24 వోల్టులు చూపిస్తాయి, సెల్ఫ్ నొక్కగానే సగానికి పడిపోతాయి, ఇదీ అంతే, బరువు మీద పడినప్పుడే అసలు రంగు తెలిసేది. ఇంకొకటి, ఆ డబ్బాను మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, నాలాంటి ముసలోడైనా ఎగిరి అవతల పడతాడు.

కొత్త ఎస్సెంపీఎస్ 1,150 రూపాయలకు తెచ్చి బిగించాను. ప్రాసెసర్ దగ్గర నాలుగు పిన్నుల చిన్న ప్లగ్గు ఒకటి వేరేగా ఉంటుంది, అది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ బొమ్మ రాదు. అది కూడా పెట్టాను. బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. మనవరాలు చప్పట్లు కొట్టింది.

స్క్రీన్ మాత్రం నలుపే. లోపలి నుంచి బీప్... బీప్... అని ఆగకుండా కూత.

నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు టెన్షన్ వచ్చింది. షాపు పిల్లోడు చెప్పిందే నిజమేమో, అనవసరంగా పదకొండొందల యాభై తగలేశానేమో అనిపించింది. మా ఇంటామె ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ. రాత్రి పడుకుని ఆలోచిస్తే తట్టింది, మంగళవారం ఈ పెట్టె మోపెడ్ మీద ఎన్ని స్పీడ్ బ్రేకర్లు దాటింది, శుక్రవారం మళ్ళీ ఎన్ని దాటింది! కూత ఎన్నిసార్లు వస్తే ఏ జబ్బు అన్నది బోర్డు కంపెనీని బట్టి మారుతుంది, కానీ ఆగకుండా కూస్తోందంటే ముందు చూడాల్సింది ర్యామ్‌నే. కొత్త బోర్డుల్లో చాలావాటికి ఈ కూత ఉండదు, ఒక మూల చిన్న లైట్లు ఉంటాయి, పక్కనే పేరు రాసి ఉంటుంది, ఏ లైటు ఆరకుండా నిలబడిపోతే జబ్బు ఆ భాగం దగ్గర ఉన్నట్టు.

పొద్దున్నే ప్లగ్గు తీసి, ర్యామ్ కడ్డీలు రెండూ ఊడదీశాను. రెండు కొసల్లో క్లిప్పులు ఉంటాయి, వాటిని బయటికి నొక్కితే కడ్డీ దానంతటదే పైకి లేస్తుంది. కింద అంచున బంగారు పూత పూసిన పళ్ళు వరసగా ఉంటాయి. మావి మబ్బు పట్టినట్టు మసకగా ఉన్నాయి. మనవరాలి జామెట్రీ బాక్సులో నుంచి పెన్సిల్ రబ్బరు తీసుకుని, మెత్తగా, ఒకే వైపుకి, రెండు పక్కలా రుద్దాను. గరుకు పేపరు వాడొద్దు, పూత లేచిపోతుంది. పొట్టు ఊది, ఒక్క కడ్డీ మాత్రమే పెట్టి, రెండు కొసలూ టక్కుమనేదాకా బొటనవేళ్ళతో నొక్కాను. ఆ టక్కు వినబడాలి, వినబడకపోతే అది కూర్చోలేదన్నమాటే.

బొమ్మ వచ్చింది. రెండో కడ్డీ కూడా పెట్టాను, అప్పుడూ వచ్చింది. కాకపోతే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు, తేదీ సరిగా లేదు, ఎఫ్1 నొక్కమని. నొక్కితే "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైజ్" అని ఇంకో గోల. అంటే విండోస్ ఎక్కడుందో దానికి తెలియడం లేదంట. షాపులో ఈ స్క్రీన్ చూస్తే చెప్పే మాట ఎక్కువగా "హార్డ్ డిస్కు పోయింది" అనే.

కానీ పోలేదు. బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి సెల్లు ఒకటుంటుంది, సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, 3 వోల్టులు. గడియారాన్ని, కొన్ని సెట్టింగుల్ని గుర్తుపెట్టుకునే పని దానిది. మాది ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అయినా మాకు తెలియలేదు, ఎందుకంటే వైరు గోడకు ఉన్నంత కాలం ఇందాక చెప్పిన ఆ ఊదా వైరు కరెంటుతోనే గడియారం నడిచిపోయింది. మూడు రోజులు షాపులో వైరు లేకుండా పడి ఉండేసరికి మొత్తం మరిచిపోయింది. తేదీ పదేళ్ళు వెనక్కి పోయింది, ముందు ఏ డిస్కులో వెతకాలి అన్న వరస కూడా మారిపోయింది, పైగా మనవరాలి పెన్‌డ్రైవ్ ముందు పక్కన అట్లాగే గుచ్చి ఉంది, ఇది పోయి దాంట్లో విండోస్ కోసం వెతుకుతోంది! నలభై రూపాయల సెల్లు మార్చి, పెన్‌డ్రైవ్ పీకి, విండోస్ రాకముందే తెరుచుకునే సెటప్‌లోకి పోయి తేదీ దిద్ది, వరసలో హార్డ్ డిస్కును పైకి తెస్తే, శనివారం మధ్యాహ్నం అన్నం వేళకు విండోస్ వచ్చింది. తేదీ దిద్దకుండా వదిలేస్తే ఇంటర్నెట్‌లో సగం సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు, అది కూడా తెలుసుకోండి.

మొత్తం ఖర్చు 1,190. షాపుకిచ్చిన రెండొందలు వేరే. రబ్బరు మనవరాలిది.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి కాదు సార్. పిడుగు వల్ల పోయింది ఒక్క ఎస్సెంపీఎస్. ర్యామ్ కదిలింది నేను మోసుకుపోయినందుకు, సెల్లు బయటపడింది షాపులో పెట్టినందుకు. ఒక్క జబ్బు మూడు జబ్బులైంది. వరసగా చూడకపోతే ఎవరికైనా బోర్డు పోయినట్టే కనబడుతుంది, అందుకని ఆ పిల్లోణ్ణి దొంగ అనడం నాకు ఇష్టం లేదు. అక్కడ రోజుకు ఎన్ని పెట్టెలు వస్తాయో, కూర్చుని మీటరు పెట్టి చూడాలంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మన తప్పు కూడా ఉంది. పార్టు మారిస్తే అడిగినంత ఇస్తాం, రబ్బరుతో రుద్ది బాగు చేస్తే "రుద్దినందుకు మూడొందలా?" అని పోట్లాడతాం. పని తెలిసినందుకు డబ్బు ఇవ్వని ఊళ్ళో వాడు పార్టులు అమ్మక ఏం చేస్తాడు?

అందుకే నేను అడిగేది చిన్నది. డిపోలో డ్రైవరు డ్యూటీ దిగేటప్పుడు బండిలో ఏం తేడా ఉందో రాసి పోయేవాడు. మెకానిక్ ఏం చూశాడో, ఏం మార్చాడో దాని కింద రాసి సంతకం పెట్టాలి. పాత పార్టు ఇస్తేనే స్టోర్స్‌లో కొత్తది ఇచ్చేవాళ్ళు. బ్రేకు లైనింగ్ మార్చానని నోటితో చెప్తే కొండ మీదికి ఎవరూ పంపరు. కంప్యూటర్ షాపుల్లో కూడా అట్లాంటి చీటీ ఒకటి ఎందుకు ఉండకూడదు? మనం ఏమని చెప్పాం, వాళ్ళు ఏం పరీక్ష చేశారు, ఏం మార్చారు, అంతే. మార్చిన పాత పార్టు మాత్రం మన చేతికి ఇవ్వాలి. పనికిరాని పార్టే కదా, ఇవ్వడానికేం పోయింది?

ఆ చీటీలో ఇంకొక్క వాక్యం ఉండాలి: ఫార్మాట్ చేయడానికి, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేయడానికి, నేను ఒప్పుకున్నాను, లేదా ఒప్పుకోలేదు అని, సంతకంతో. నాతో పనిచేసిన కండక్టరు ఒకాయన కంప్యూటర్ విండోస్ బొమ్మ దగ్గర ఆగిపోతోందని ఇచ్చాడు. తిరిగొచ్చింది కొత్త పెళ్ళికూతురిలా, లోపల కూతురి పెళ్ళి ఫోటోలు లేవు. అడిగితే "మీరు చెప్పలేదు కదా" అన్నారంట. బొమ్మ దగ్గర ఆగిపోతే ఫార్మాట్ ఆఖరి మందు. విండోస్ 10లో లోడ్ అవుతుండగా రెండు మూడుసార్లు ఆగిపోతే అదే రిపేరు స్క్రీన్ తెస్తుంది, అందులోంచి సేఫ్ మోడ్‌కు, అంటే అవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌కు, పోవచ్చు, ఈ మధ్య వేసిన అప్‌డేట్ తీసేయొచ్చు. అదీ కాకపోతే విండోస్ బదులు నడిచే లైనక్స్ అనేదాన్ని ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లేపి ఫోటోలన్నీ ముందు బయటికి లాగేసుకోవచ్చు, ఆ తర్వాత ఏం చేసుకున్నా దిగుల్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌ల వాళ్ళకు ఇంకో మెలిక, చాలావాటిల్లో డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది, 48 అంకెల కీ అడుగుతుంది, అది చాలామందికి వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాగి ఉంటుంది, బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. డిస్కు నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు. వెంటనే ఆపేసి, డేటా తీయడం తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి, ఆన్ చేసిన ప్రతిసారీ లోపల ఇంకాస్త గీసుకుపోతుంది.

బిల్లు ఇవ్వనంటే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, అమ్మిన సరుకుకి గానీ చేసిన పనికి గానీ బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పుడు వ్యాపార పద్ధతి కిందే వస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలన్నా, మనం కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఆ రెండొందలకు నేను కేసు వేయలేదు, వేయను కూడా. కానీ ఈసారి పోయినప్పుడు బిల్లు అడుగుతాను.

ఇక ఈ పిడుగుల సంగతి. మా ఇంట్లో కంప్యూటర్ పెట్టె ముట్టుకుంటే ఎప్పుడూ సన్నగా జివ్వుమనేది, మా ఇంటామె ఎన్నిసార్లు చెప్పినా అది మామూలే అని నేనే కొట్టిపారేశాను. మామూలు కాదు. ప్లగ్గులో పైనున్న మూడో పిన్నుకి ఎర్త్ లేకపోతే అట్లా అంటుంది. మా వైరింగ్ పాతది, గోడలో ఆ మూడో రంధ్రం ఉత్త అలంకారం, వెనక వైరే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో గుంత తీయించి, బొగ్గు, ఉప్పు పోసి పైపు దించి ఎర్త్ వేయించాను. ఎండాకాలం మన నేల రాయిలా ఎండిపోతుంది కాబట్టి దాంట్లో అప్పుడప్పుడు రెండు చెంబుల నీళ్ళు పోయాలి, ఆ డ్యూటీ ఇప్పుడు నాదే. స్పైక్ బస్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, చవకగా అమ్మేవి కొన్ని ఎర్ర లైటు పెట్టిన ఉత్త ఎక్స్‌టెన్షన్ బోర్డులే. ఉరుములు వినబడగానే ప్లగ్గు పీకేయడమే మందు, ఇంటర్నెట్ వైరు కూడా పీకాలి, పిడుగు కరెంటు అటు నుంచి కూడా వస్తుంది. 2021 నవంబర్‌లో తిరుపతిలో అంత వాన పడినప్పుడు పెట్టెను నేల మీద నుంచి తీసి స్టూలు మీదికి ఎక్కించాం, నీళ్ళ నుంచి కాపాడుకున్నాం, గోడలోంచి వచ్చేదాన్ని మాత్రం ఈ ఏడాది దాకా పట్టించుకోలేదు.

చివరగా ఆ చిత్తూరు ఆయనకు. అయ్యా, మీరు ఆ పాత సామాన్ల అంగడికి ఈరోజే ఒకసారి పోయి రండి. పెట్టెలు విప్పి రాగి ఒక పక్క, అల్యూమినియం ఒక పక్క వేసేదాకా కొన్నాళ్ళు పక్కన పడేసి ఉంచుతారు, ఇంకా ఉండొచ్చు. హార్డ్ డిస్కు అంటే అరచేయి అంత వెడల్పు, ఇటుక ముక్కలా బరువుగా, పైన తెల్ల స్టిక్కరు అంటించి ఉంటుంది. యాభయ్యో వందో అడిగితే ఇచ్చేయండి. దాన్ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ కేబుల్, దానికి కావాల్సిన 12 వోల్టుల అడాప్టర్ నా దగ్గర ఉన్నాయి. ఈ పత్రికవాళ్ళ ద్వారా కబురు పెడితే నేనే బస్సెక్కి వస్తాను, పాసు ఎట్లాగూ ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి